‘కేరాఫ్ కంచరపాలెం’ నుంచి ‘పలాస 1978’ దాకా: తెరపై ఉత్తరాంధ్ర మాట, ప్రేక్షకాదరణ

వ్యాససంగ్రహం: తెలుగు సినిమాలో ఉత్తరాంధ్ర మాండలికం చాలాకాలం హాస్యపాత్రలకే పరిమితమైంది. 2018లో విడుదలైన స్వతంత్ర చిత్రం ‘కేరాఫ్ కంచరపాలెం’ ఆ మాటను ఒక మనిషి ఎదుగుదల కథకు ఆధారంగా చేసుకుంది. ఆ మార్పు స్వరూపాన్ని, చిత్రానికి లభించిన ఆదరణను, దాని పరిమితులను పరిశీలించి, కాశీబుగ్గ పరిసరాల కథగా వచ్చిన ‘పలాస 1978’తో పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉత్తరాంధ్ర మాండలికం, స్వతంత్ర సినిమా, హాస్యం, ఎదుగుదల కథ, ప్రేక్షకాదరణ.

1. ఉపోద్ఘాతం

భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించారు. వాటిలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలు పూర్వమండలం కిందికి వస్తాయి. కాశీబుగ్గ, పలాస, టెక్కలి, ఉద్దానం తీరం ఈ మండలానికి ఈశాన్యపు అంచు. జీడితోటలు, కొబ్బరితోటలు, జీడిపప్పు కార్ఖానాలు ఇక్కడి జీవనాధారాలు. ఒడియా, తెలుగు భాషలు ఇక్కడి బజారులో పక్కపక్కనే వినిపిస్తాయి. హౌరా-చెన్నై రైలుమార్గం మీది పలాస స్టేషన్ నుంచి ఈ ప్రాంతపు శ్రామికులు పనుల కోసం విశాఖకు, ఇంకా దూరప్రాంతాలకు వెళ్తుంటారు. వారితోపాటు వారి మాటా ప్రయాణిస్తుంది. ‘ఏమిటి’కి ‘ఏటి’, ‘నేను’కు ‘నాను’, ‘పిల్లవాడు’కు ‘గుంటడు’, ‘వెళ్లిపోయాడు’కు ‘ఎల్లిపోనాడు’ వంటి రూపాలు ఆ మాటకు గుర్తులు.

సాహిత్యంలో ఈ ప్రాంతపు భాషకు గౌరవస్థానం ముందే దక్కింది. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ విజయనగరం పరిసరాల వాడుకభాషను రంగస్థలం మీదికి తెచ్చింది. పర్లాకిమిడి కేంద్రంగా పనిచేసిన గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమానికి నాయకత్వం వహించారు. రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు కథల్లో ఈ ప్రాంతపు పేదల నోటిమాట తీవ్రమైన సామాజిక విషయాలను మోసింది. సినిమా మాత్రం వేరే దారి పట్టింది. మధ్యమండలపు శిష్టభాష నాయకుడిది, నాయికది అయింది. పూర్వమండలపు యాస పనివారికి, అమాయకులకు, హాస్యనటులకు మిగిలింది. ఒక ప్రాంతపు మాట నవ్వుకే పనికొస్తుందన్న అలవాటు బలపడితే, ఆ ప్రాంతపు మనుషుల దుఃఖం కూడా వినేవారి చెవికి తేలికగా తోస్తుంది. ఈ చిత్రాల పరిశీలనలో ముఖ్యమైన ప్రశ్న ఇదే.

2. చిత్ర నేపథ్యం, కథాసంవిధానం

‘కేరాఫ్ కంచరపాలెం’ వెంకటేశ్ మహాకు దర్శకుడిగా తొలి చిత్రం. అమెరికాలో హృద్రోగ వైద్యురాలిగా పనిచేస్తున్న పరుచూరి విజయ ప్రవీణ దీన్ని నిర్మించి, సలీమా పాత్రను కూడా పోషించారు. స్వీకార్ అగస్తి సంగీతం అందించారు. విశాఖపట్నంలోని కంచరపాలెంలోనే చిత్రీకరణ జరిగింది. నటవర్గంలో ఎక్కువమంది అంతకుముందు సినిమా కెమెరా ముందు నిలబడని స్థానికులు.

కథలో నాలుగు ప్రేమలు సమాంతరంగా నడుస్తాయి. బడిపిల్లలు సుందరం, సునీత. యువకుడు జోసెఫ్, బ్రాహ్మణ యువతి భార్గవి. మద్యం దుకాణంలో పనిచేసే గడ్డం, వేశ్యావృత్తిలో ఉన్న సలీమా. 49 ఏళ్లు వచ్చినా పెళ్లికాని అటెండరు రాజు, ఒడిశా నుంచి వచ్చిన అధికారిణి రాధ. మొదటి మూడు ప్రేమలూ పెద్దల కోపం వల్లనో, మతభేదం వల్లనో, మరణం వల్లనో తెగిపోతాయి. ఈ నలుగురు పురుషులూ వేరువేరు వ్యక్తులు కారని, ఒకే మనిషి జీవితంలోని నాలుగు దశలని ముగింపులో తెలుస్తుంది.

ఎదుగుదల కథలు సాధారణంగా కౌమారంతో ముగుస్తాయి. ఈ చిత్రం ఆ ఎదుగుదలను యాభయ్యో పడి అంచు దాకా పొడిగించింది. మనిషి పేరు, పని, విశ్వాసం మారుతూ వస్తాయి. మారనిది అతని మాట. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు ఒకే మనిషి అన్న రహస్యాన్ని ప్రేక్షకుడు చివర్లో నమ్మగలగడానికి ఆ నలుగురినీ కలిపి ఉంచిన వాడుకభాష కూడా ఒక కారణం. ఇక్కడ మాండలికం కథాశిల్పంలో భాగమైంది.

3. హాస్యం స్థానం మారిన తీరు

పూర్వపు చిత్రాల్లో యాస పలికే పాత్ర మీద మిగిలిన పాత్రలు నవ్వేవి. ఈ చిత్రంలో అందరిదీ అదే యాస కాబట్టి యాస మీద నవ్వేవారు ఎవరూ లేరు. నవ్వు సందర్భంలోంచి పుడుతుంది. రాజు ఎందుకు పెళ్లి చేసుకోలేదన్నది ఊరంతటికీ విచారణాంశం కావడం, నడివయసులో కలిగిన ఇష్టాన్ని పైకి చెప్పడానికి అతను పడే మొహమాటం, పైఅధికారి హోదా ఆ మొహమాటాన్ని రెట్టింపు చేయడం ఇందుకు ఉదాహరణలు. ఆ మాటతోనే ప్రేమ, కోపం, ఏడుపు కూడా నడుస్తాయి. అందువల్ల నవ్వించిన పాత్రే ఏడ్చినప్పుడు ప్రేక్షకుడికి అది అసహజంగా అనిపించదు.

చిత్రానికి ఒక పరిమితి ఉంది. సునీత, భార్గవి, సలీమా ముగ్గురూ నాయకుడి జీవితంలో ఒక్కొక్క దశను పూర్తిచేసి కథలోంచి తప్పుకుంటారు. ఎదిగే అవకాశం పురుషుడిదే అవుతుంది. యువతి అయిన కూతురు ఉన్న వితంతువుగా తన నిర్ణయాన్ని తానే తీసుకునే రాధ పాత్ర ఈ లోటును కొంతవరకే పూడ్చింది.

4. ఆదరణ

ఈ చిత్రం 2018లో న్యూయార్క్ భారతీయ చలనచిత్రోత్సవానికి ఎంపికైంది. రానా దగ్గుబాటి సమర్పణలో 2018 సెప్టెంబరు 7న థియేటర్లలో విడుదలైంది. రాజమౌళి వంటి దర్శకులు బహిరంగంగా ప్రశంసించారు. పేరున్న తారలు లేని చిత్రం కాబట్టి ప్రేక్షకుల నోటిమాటే దానికి ప్రచారమైంది. అయితే నిర్మాత అమెరికా పౌరురాలు కావడం వల్ల జాతీయ చలనచిత్ర పురస్కారాల పోటీకి నిబంధనలు అడ్డొచ్చాయి. స్థానికతే ప్రాణంగా ఉన్న చిత్రం నిర్మాత పౌరసత్వం కారణంగా దూరమవడం స్వతంత్ర సినిమా స్థితిని తెలుపుతుంది. స్థానిక కథకు స్థానికంగా పెట్టుబడి దొరకదు. ప్రవాసి పెట్టుబడికి పురస్కార నిబంధనల్లో చోటు దొరకదు.

చిత్రం విడుదలైన ఐదు వారాలకు, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు నేలకూలాయి. ఏళ్ల తరబడి పెంచిన తోటను పోగొట్టుకున్న రైతు తన నష్టాన్ని చెప్పుకొన్నదీ ఈ మాటలోనే. తెర మీద ఈ భాషకు గాంభీర్యం దక్కడం ఎందుకు అవసరమో ఇలాంటి సందర్భాలు స్పష్టం చేస్తాయి.

5. కాశీబుగ్గ పరిసరాల కథ: ‘పలాస 1978’

కథారచయిత కూడా అయిన కరుణకుమార్ దర్శకత్వంలో ‘పలాస 1978’ 2020 మార్చి 6న విడుదలైంది. తమ్మారెడ్డి భరద్వాజ దీనికి సమర్పకులు. జానపద కళాకారుల దళిత కుటుంబంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు షావుకార్ల ఆధిపత్యానికి పనిముట్లుగా మారడం, తర్వాత ఎదురుతిరగడం ఇందులోని కథ. ఇదీ ఎదుగుదల కథే. అయితే హాస్యం పక్కకు జరిగి ఆగ్రహం ముందుకు వచ్చింది. కంచరపాలెంలో కులమతాలు ప్రేమకు అడ్డుగోడలు. పలాసలో కులం బతుకుతెరువును, అధికారాన్ని నిర్ణయించే శక్తి. మొదటి చిత్రం యాసకు ఆత్మీయతను తెస్తే, రెండవది దానికి ధిక్కారాన్ని తెచ్చింది.

విడుదలైన కొద్ది రోజులకే కరోనా కారణంగా థియేటర్లు మూతపడ్డాయి. రఘు కుంచె సంగీతంలోని ‘నక్కిలీసు గొలుసు’ పాట మాత్రం తెలుగు ప్రాంతాలన్నింటా మారుమోగింది. ఆ పాటకు వచ్చినంత వ్యాప్తి చిత్రంలోని కులచర్చకు రాలేదు. ప్రాంతీయ సంస్కృతిలో ఆడిపాడదగిన భాగాన్ని విపణి త్వరగా స్వీకరిస్తుందని, ప్రశ్నించే భాగం దగ్గర తటపటాయిస్తుందని ఈ అనుభవం సూచిస్తుంది.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

- ‘కేరాఫ్ కంచరపాలెం’ ఉత్తరాంధ్ర మాండలికాన్ని హాస్యపు గుర్తుగా కాక ఒక జీవితాన్ని మొత్తంగా చెప్పగల భాషగా నిలిపింది.
- యాసను నవ్వించే పాత్ర ఒక్కదానికే కాక పాత్రలన్నింటికీ ఇవ్వడం వల్ల హాస్యంలోని చులకన తొలగింది.
- ప్రేక్షకులు ఈ భాషను స్వీకరించినా, పెట్టుబడి, పురస్కారాలు, విపణి అదే వేగంతో స్వీకరించలేదు.
- ‘పలాస 1978’ ఈ మార్గాన్ని కులచర్చ వైపు విస్తరించింది.

గురజాడ, గిడుగుల కాలం నుంచి సాహిత్యంలో ఉన్న గౌరవాన్ని ఈ ప్రాంతపు మాట సినిమాలో ఇప్పుడిప్పుడే పొందుతోంది. కాశీబుగ్గ నుంచి చదువుకో, పనికో నగరానికి వెళ్లిన యువత తమ మాటను దాచుకోనవసరం లేని స్థితి ఏర్పడాలంటే ఇటువంటి చిత్రాలు మరికొన్ని రావాలి. వాటిలో ఉద్దానం స్త్రీల ఎదుగుదల కథకూ చోటు దక్కాలి.