ఆటలమ్మ నుంచి సర్పి దాకా

నడుము చుట్టూ పాకే సర్పికి తలా తోకా కలిస్తే ప్రాణం దక్కదని పల్లెల్లో పాత భయం. నిజానికి సర్పి వెన్ను నుంచి వచ్చే ఒక నరం దారినే పోతుంది కనుక సాధారణంగా ఒంటికి ఒక పక్కనే ఆగిపోతుంది.

సర్పి మూలం నరాల్లోనే ఉందని 1900లో ఇంగ్లండు వైద్యులు హెడ్, క్యాంప్‌బెల్ శవపరీక్షల్లో చూపించారు. అంతకుముందే బుడాపెస్టు పిల్లల వైద్యుడు బోకాయి, ఇంట్లో పెద్దవాళ్లకు సర్పి వచ్చాక పిల్లలకు ఆటలమ్మ పోయడం గమనించాడు. 1950ల్లో థామస్ వెల్లర్ రెండు జబ్బుల పొక్కుల్లోనూ ఒకే వైరస్‌ను పట్టుకున్నాడు. అయితే అసలు గొప్పతనం సైరన్‌సెస్టర్ అనే చిన్న పట్టణపు డాక్టరు హోప్ సింప్సన్‌ది. పదహారేళ్లపాటు తన రోగులనే గమనించి, చిన్ననాటి ఆటలమ్మ వైరసే నరాల్లో నిద్రపోయి ఏళ్ల తర్వాత లేస్తుందని 1965లో వాదించాడు. అదే నిలిచింది.

సర్పి వస్తే ముందు కొన్ని రోజులు మంట, సలుపు. తర్వాత నీటి పొక్కులు. ఏడు నుంచి పది రోజుల్లో అవి చెక్కు కడతాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో మానతాయి. కొందరికి, ముఖ్యంగా వృద్ధులకు, నొప్పి మాత్రం నెలల తరబడి వదలదు.

పొక్కులు కనబడిన 72 గంటల్లోపే డాక్టరును కలవండి. కంటి దగ్గర వస్తే ఒక్క పూట కూడా ఆగవద్దు.