కురచైన కోటు చెయ్యి

1960ల్లో బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరే ఆటగాడు) శాండీ కోఫాక్స్ కోటుకి ఎడమ చెయ్యి కాస్త కురచగా కుట్టాల్సి వచ్చేదని చెబుతారు. మోచెయ్యి పూర్తిగా చాచడానికి రాకపోతే దర్జీ మాత్రం ఏం చేస్తాడు? లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు పెట్టుకున్న ఆశలన్నీ ఆ చేతి మీదే.

మన క్రికెట్ బౌలర్ ఆరు బంతులేసి పక్కకి తప్పుకుంటే, రెండో వైపు నుంచి ఇంకొకరు అందుకుంటారు. బేస్‌బాల్ పిచర్‌కి ఆ వెసులుబాటు లేదు. మట్టిదిబ్బ మీద నిలబడి, అప్పట్లో తొమ్మిది ఇన్నింగ్స్‌లో వందకు పైగా బంతులు ఒంట్లో సత్తువంతా కూడదీసి విసరాల్సి వచ్చేది. మూడు రోజులు విశ్రాంతి, నాలుగో రోజు మళ్ళీ అదే దిబ్బ. సీజన్‌కి 162 మ్యాచ్‌లు, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా.

1964 ఆగస్టులో మిల్వాకీలో తన జట్టు బ్యాటింగ్ వంతులో రెండో బేస్‌కి వెనక్కి దూకినప్పుడు ఆ చెయ్యి నేలకు గుద్దుకుంది. మరుసటి వసంతంలో ఒక ఉదయం లేచి చూసుకుంటే చెయ్యంతా కమిలి నల్లబడింది. కీళ్ళవాతమన్నాడు డాక్టర్ రాబర్ట్ కెర్లాన్. వారానికొక్క మ్యాచ్ ఆడగలిగితే అదృష్టమన్నాడు. ఆ ఏడు కోఫాక్స్ 335 ఇన్నింగ్స్ బంతులేశాడు, 382 మంది బ్యాటర్లను తన బంతులతోనే అవుట్ (స్ట్రైకవుట్) చేశాడు. సీజన్ చివర ఛాంపియన్‌షిప్ పోరైన వరల్డ్ సిరీస్‌లో చివరి మ్యాచ్‌కి దక్కిన విశ్రాంతి రెండే రోజులు. కర్వ్ బాల్ తిరగనని మొండికేస్తే, దాదాపు వేగాన్నే నమ్ముకుని మిన్నెసోటాకి ఒక్క పరుగూ ఇవ్వకుండా జట్టుని గెలిపించాడు.

ఈ గెలుపుల వెనక జరిగే తంతు జనం చూడలేదు. మ్యాచ్‌కి ముందు మిరప ఘాటుతో చేసిన లేపనం భుజానికీ చేతికీ పట్టించేవారు. వాపు తగ్గడానికి కార్టిజోన్ సూదులు, పందెపు గుర్రాలకు కూడా వాడే బ్యూటాజొలిడిన్ మాత్రలు. ఆట అయ్యాక ఐసు ముక్కలు తేలే నీళ్ళ తొట్టిలో మోచెయ్యి. ముందు మంట, వెనక మంచు, మధ్యలో చప్పట్లు.

1966లో 27 విజయాలు, 323 ఇన్నింగ్స్. ఫీల్డర్ల తప్పులవల్ల వచ్చినవి పోను, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చినవి 1.73 పరుగులే. అక్టోబరు 2న మళ్ళీ రెండు రోజుల విశ్రాంతితోనే ఫిలడెల్ఫియాలో గెలిచి జట్టుని వరల్డ్ సిరీస్‌కి చేర్చాడు. నాలుగు రోజులకే, 6న, బాల్టిమోర్ మీద దిబ్బెక్కాడు. అయిదో ఇన్నింగ్స్‌లో ఎండ కళ్ళలో పడి సహచరుడు విల్లీ డేవిస్ వరసగా రెండు క్యాచ్‌లు జారవిడిచాడు. ఆపై డేవిస్ విసిరిన బంతీ గురి తప్పింది. ఆరు ఇన్నింగ్స్‌తో కోఫాక్స్ పని ముగిసింది. అవతల గెలిచిన పిచర్ జిమ్ పామర్‌కి ఇరవై ఏళ్ళు.

నవంబరు 18న కోఫాక్స్ ఇక ఆడనన్నాడు. ముప్ఫై ఒకటి ఇంకా నిండలేదు. ఆట తర్వాత బతకాల్సిన ఏళ్ళు చాలా ఉన్నాయి, అవి అవయవాలన్నీ పనిచేస్తుండగా బతకాలన్నదే అతని కోరిక. దేశం నివ్వెరపోయింది. ఆ చేతి పతనం ఏ స్కోరు పుస్తకానికీ ఎక్కలేదు మరి. ఏడాదికేడాది అంకెలు వెలుగుతూనే వచ్చాయి. దర్జీ టేపు మీదే అది అంగుళాల్లో నమోదైంది.