మూలన పడ్డ బిషప్

క్వీన్ ముందున్న బంటుని తెల్లవాళ్ళు డి4కి నెడితే, నల్లవాళ్ళకున్న పాత జవాబుల్లో ఒకటి క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్. గట్టిదే గానీ మరీ చప్పగా ఉంటుందని చాలామంది పెదవి విరుస్తారు. ఆ చప్పదనం వెనక ఓ పెద్ద కథ ఉందని నాకనిపిస్తుంది.

నల్లవాళ్ళు డి5లో బంటు నిలబెడతారు. సి4లో ఎరగా వచ్చిన బంటుని తినకుండా, ఈ6లో ఇంకో బంటుని దన్నుగా పెడతారు. బోర్డు మధ్యభాగం చేజారదు. కానీ ఆ ఈ6 బంటే సి8లో ఉన్న సొంత బిషప్‌కి దారి మూసేస్తుంది. ఈ డిఫెన్స్ చరిత్రలో సగం ఆ బిషప్‌ని బయటికి తెచ్చే తంటాలే.

1894 నుంచి 1921 దాకా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న ఇమాన్యుయేల్ లాస్కర్ దీనికో ఉపాయం చూపించాడు. గుర్రాన్ని ఈ4లోకి దూకించి, బిషప్‌కి బిషప్, గుర్రానికి గుర్రం మార్చేసుకోవడం. ఇరుకింట్లో సామాను తగ్గితే మసలడానికి చోటొస్తుంది కదా, అలాగన్నమాట. 1907లో మార్షల్‌తో టైటిల్ మ్యాచ్‌లో ఆయన దీన్ని ఆడాడు. పోనుపోనూ దీనికి డ్రా కోసం ఆడే పద్ధతన్న ముద్ర పడింది.

2010 మే 11న సోఫియాలో ఆనంద్ ఇదే తీశాడు. ఎదురుగా టోపలోవ్, అదీ అతని సొంత దేశంలో. ఐస్‌లాండ్ అగ్నిపర్వతపు బూడిదకి విమానాలు ఆగిపోతే ఆనంద్ రోడ్డుమీద అక్కడికి చేరాడు, మొదటి ఆటే ఓడిపోయాడు. ఇప్పుడు స్కోరు 5.5–5.5, ఇది ఆఖరి ఆట, చేతిలో నల్లపావులు.

ఆ బిషప్ బీ7కి వచ్చింది, ఏ6కి వెళ్ళింది, డి3 దాకా పోయి మళ్ళీ వెనక్కొచ్చింది. 28వ ఎత్తుకి ఏ8 మూలన చేరింది. చూసేవాళ్ళకి దిక్కుతోచని తిరుగుడులా ఉంటుంది. కానీ జీ2లో ఉన్న తెల్లరాజు సరిగ్గా ఆ మూల నుంచి సాగే గీతమీదే ఉన్నాడు. ఆనంద్ బంట్లని ఈ5, ఎఫ్5, ఈ4 అంటూ ముందుకి తోశాడు. ఈ4 బంటుని టోపలోవ్ తినేయగానే ఆ దారి తెరుచుకుంది. నల్ల క్వీన్ అక్కడికొచ్చి చెక్ చెప్పింది, వెనకాల ఆ బిషప్. రాజు హెచ్3కి పరుగు తీయాల్సొచ్చింది. ఆటా టైటిలూ ఆనంద్‌వే అయ్యాయి.

సాఫ్ట్‌వేర్‌లో మేం ‘సాలిడ్’ అన్న మాటని రిస్క్ లేనిదన్న అర్థంలో వాడేస్తుంటాం. ఈ ఆటలో రిస్క్ లేకపోలేదు. అది ఎప్పుడు తీసుకోవాలో తేల్చుకునే వీలుని ఆనంద్‌కి ఇచ్చింది మాత్రం వందేళ్ళు దాటిన ఆ చప్పటి డిఫెన్సే.