ఒకే నది, రెండు ఊళ్లు, మధ్యలో ఇసుక

1892 ఆగస్టులో జర్మనీలోని హాంబర్గ్ నగరం మీద కలరా విరుచుకుపడింది. కొన్ని వారాల్లోనే సుమారు 8,600 మంది ప్రాణాలు పోయాయి. వీధికి వీధి ఆనుకుని ఉన్న ఆల్టోనా మాత్రం చాలావరకు క్షేమంగా బయటపడింది. రెండు ఊళ్లూ తాగింది ఎల్బే నది నీళ్లే. పైగా ఆల్టోనా నీళ్లు తోడుకునేది దిగువన, హాంబర్గ్ మురుగంతా కలిశాక. ఆ లెక్కన ముందు ఆల్టోనాయే పోవాలి.

తేడా వడపోతలో ఉంది. ఆల్టోనా ఆ మురికి నీళ్లను ఇసుకలో వడగట్టి గొట్టాల్లోకి వదిలేది. పెద్ద రేవు, బోలెడు డబ్బు ఉన్న హాంబర్గ్ నది నీళ్లను కాసేపు తేరనిచ్చి అలాగే ఇళ్లకు పంపేది. వడపోత మడుల కోసం అక్కడ ఏళ్ల తరబడి చర్చలు సాగాయి. చివరికి పని మొదలైనా, అది పూర్తయ్యేలోపే కలరా వచ్చిపడింది.

సరిహద్దు దగ్గర హాంబర్గర్ ప్లాట్జ్ అనే పెద్ద వాకిలి ఉండేది. 72 వాటాలు, సుమారు 400 మంది కూలీనాలీ జనం. ఊరు హాంబర్గే అయినా, అక్కడికి గొట్టం వేయడం కుదరక పక్క వీధిలోని ఆల్టోనా నీళ్లు ఇచ్చారు. చుట్టుపక్కల శవాలు లేస్తుంటే ఆ వాకిట్లో ఒక్కరికీ కలరా సోకలేదు. ఎనిమిదేళ్ల కిందట కలకత్తాలో కలరా క్రిమిని పట్టుకున్న రాబర్ట్ కోచ్‌కు కలరా నీళ్ల ద్వారానే వస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

అయితే ఇసుక క్రిమిని ఎలా ఆపింది? కలరా క్రిమి పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ. ఇసుక రేణువుల మధ్య సందులు దానికి సింహద్వారాలే. మనం వడపోత అంటే జల్లెడ అనుకుంటాం. ఇక్కడ జరిగేది వేరు. నీళ్లు గంటకు 10 సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా దిగుతుంటే ఇసుక పైభాగాన జిగటగా ఒక పొర కడుతుంది. అందులో నాచు, బ్యాక్టీరియా, వాటిని తినే సూక్ష్మజీవులు కాపురముంటాయి. పై నుంచి వచ్చిన క్రిమి ఆ జిగటకు అంటుకుని, వాటికి ఆహారమైపోతుంది. పాచి అని మనం చీదరించుకునేదే ఊరిని కాపాడింది. 1829లో ఇంజినీరు జేమ్స్ సింప్సన్ లండన్‌లో ఇలాంటి మడులు కట్టించినప్పుడు క్రిముల సంగతి ఎవరికీ తెలియదు. నీళ్లు తేటగా వస్తే చాలనుకున్నారు.

ఆ పొర దళసరెక్కి నీళ్లు దిగకపోతే పైపైన గీకేయాలి. మళ్లీ కొత్త పొర కట్టేదాకా ఓపిక పట్టాలి. కలరా వచ్చిన ఏడాది చలికాలంలోనే ఆల్టోనాలో శుభ్రం చేస్తున్న మడి గడ్డకట్టి సరిగ్గా పనిచేయలేదు. అంతవరకు తప్పించుకున్న ఆ ఊళ్లో అప్పుడు కలరా కేసులు వచ్చాయి. ఇసుక ఉన్నంత మాత్రాన సరిపోదు, కాపలా కూడా కావాలని ఆ ఊరికి అలా తెలిసింది. హాంబర్గ్ వడపోత కేంద్రం 1893 మే నెలలో మొదలైంది.

నూరేళ్ల తర్వాత బంగ్లాదేశ్‌లో ఇదే సమస్యకు ఇంట్లోని పాత చీర అక్కరకొచ్చింది. చెరువు నీళ్లలో కలరా క్రిములు చాలావరకు కంటికి కనీకనిపించని చిన్న పురుగులను అంటిపెట్టుకుని ఉంటాయని శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం గమనించింది. క్రిమి చిక్కకపోయినా పురుగు చిక్కుతుంది కదా! మత్లాబ్ ప్రాంతంలోని 65 పల్లెల్లో పరీక్షించి, నూలు చీరతో వడగట్టిన చోట కలరా 48 శాతం తగ్గిందని 2003లో ప్రకటించారు. ఉతికి ఉతికి నలిగిన చీరే మేలు. దాని పోగులు విచ్చుకుని సందులను పూడుస్తాయి.

నీళ్లు కాచి తాగడాన్ని మించిన రక్ష లేదు. కానీ వరదల్లో పొయ్యి వెలిగించే దారి లేనప్పుడు పాత నూలు చీరను ఎనిమిది పొరలుగా మడిచి బిందె మూతికి బిగించి కట్టండి. వడగట్టాక చీరను శుభ్రంగా జాడించి ఎండలో ఆరేయండి. అది ముప్పును సగానికి తగ్గిస్తుందే గానీ పూర్తిగా తీసేయదు. పొయ్యి వెలిగిన రోజు నుంచి మళ్లీ కాచుకునే తాగండి.