మదనపల్లెలో ఐర్లండు కవి: జేమ్స్ హెచ్. కజిన్స్ (1873–1956)

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– ఐర్లండు సాహిత్య పునరుజ్జీవనానికీ, భారత జాతీయోద్యమానికీ మధ్య ఏర్పడిన సంబంధాన్ని వివరించగలరు.
– కజిన్స్ దంపతుల జీవితంలోని ముఖ్య ఘట్టాలను తెలుపగలరు.
– 'జనగణమన'కూ మదనపల్లెకూ గల సంబంధాన్ని ఆధారాలతో పరిశీలించగలరు.

1. పరిచయం

తిరుపతి నుంచి పడమరగా నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తే మదనపల్లె వస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప జిల్లా నుంచి ఈ తాలూకాను అందులో కలిపారు. జిడ్డు కృష్ణమూర్తి జన్మించిన ఊరుగా ఇది మీకు తెలిసే ఉంటుంది. ఇదే ఊళ్లో ఒక ఐర్లండు కవి పాఠాలు చెప్పాడు, విమర్శ గ్రంథాలు రాశాడు, చివరికి ఇక్కడే కన్నుమూశాడు. అతడే జేమ్స్ హెన్రీ కజిన్స్. ఇంగ్లండు పాలన కిందనే ఉన్న మరొక దేశం నుంచి వచ్చినవాడు కాబట్టి, ఇతని జీవితాన్ని సాధారణ ఆంగ్ల అధ్యాపకుని జీవితంగా చూడరాదు.

2. ఐర్లండు దశ (1873–1913)

కజిన్స్ 1873 జూలై 22న బెల్‌ఫాస్ట్ నగరంలో ఒక మెథడిస్టు కుటుంబంలో జన్మించాడు. చిన్న వయస్సులోనే గుమాస్తా పనిలో చేరి, తరువాత ఆ నగర మేయరు వద్ద కార్యదర్శిగా పనిచేశాడు. 1897లో డబ్లిన్ చేరాడు.

అప్పటికి డబ్లిన్‌లో సాహిత్య పునరుజ్జీవనం ముమ్మరంగా సాగుతున్నది. పాత ఐరిష్ గాథలను, జానపద విశ్వాసాలను తిరిగి వెలికితీసి, తమకు ఇంగ్లండుతో సంబంధం లేని ఒక సంస్కృతి ఉందని చాటడం ఆ ఉద్యమ లక్ష్యం. డబ్ల్యు.బి. యేట్స్, 'ఎ.ఇ.' అనే కలం పేరు గల జార్జ్ రసెల్ దానిలో ప్రముఖులు. కజిన్స్ కవితలు, నాటకాలు రాశాడు. 1902లో అతని నాటకాలు ఐరిష్ జాతీయ నాటక బృందం ప్రదర్శించింది. అయితే యేట్స్‌తో అభిప్రాయ భేదాలు రావడంతో నాటకరంగంలో అతనికి చోటు తగ్గింది. 1904లో జేమ్స్ జాయిస్ కొద్ది రోజులు కజిన్స్ ఇంట్లో ఉన్నాడు. తరువాత అదే జాయిస్ ఒక వ్యంగ్య కవితలో కజిన్స్‌ను ఎగతాళి చేశాడు.

1903లో కజిన్స్ మార్గరెట్ గిలెస్పీని వివాహమాడాడు. ఆమె సంగీతంలో పట్టభద్రురాలు. 1908లో ఐరిష్ మహిళా ఓటుహక్కు సంఘం స్థాపకుల్లో ఒకరు. ఆ పోరాటంలో జైలుకు కూడా వెళ్లింది. దంపతులిద్దరూ దివ్యజ్ఞాన సమాజం వైపు ఆకర్షితులయ్యారు.

3. మద్రాసు నుంచి మదనపల్లెకు

1915లో అనీబిసెంట్ ఆహ్వానంపై వారు భారతదేశానికి వచ్చారు. కజిన్స్ ఆమె నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో చేరాడు. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది. దానిని సమర్థిస్తూ కజిన్స్ రాసిన వ్యాసం వల్ల అతడు పత్రిక ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. బిసెంట్ కోరింది సామ్రాజ్యం లోపలే స్వపరిపాలన. డబ్లిన్ తిరుగుబాటుదారులు కోరింది గణతంత్రం. హోమ్‌రూల్ ఉద్యమం ఎంతవరకు వెళ్లగలదో, ఎక్కడ ఆగుతుందో ఈ సంఘటన మనకు చూపుతుంది.

ఆ తరువాత కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఆంగ్ల అధ్యాపకుడుగా చేరి, అనంతరం ప్రిన్సిపాల్ అయ్యాడు. 1917లో బిసెంట్ నిర్బంధానికి నిరసనగా విద్యార్థులు కదిలారు. ఆ కాలంలోనే కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి దూరమై, రవీంద్రనాథ్ ఠాగూర్ కులపతిగా ఉన్న జాతీయ విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. అదే సంవత్సరం మార్గరెట్ ఇతరులతో కలిసి అడయారులో భారత మహిళా సంఘాన్ని స్థాపించింది. భారతీయ స్త్రీలకు ఓటుహక్కు కోరుతూ మాంటేగును కలిసిన ప్రతినిధి వర్గాన్ని సమకూర్చింది కూడా ఆమెయే.

4. 'జనగణమన' – ఆధారాల పరిశీలన

1919 ఫిబ్రవరి చివరలో ఠాగూర్ మదనపల్లెకు వచ్చి కళాశాలలో విశ్రాంతి తీసుకున్నాడు. విద్యార్థులు, అధ్యాపకులు కూడిన ఒక సాయంకాలం 'జనగణమన' పాడి వినిపించాడు. తరువాత దానిని తానే ఆంగ్లంలోకి అనువదించాడు. మార్గరెట్ ఆ పాట స్వరాలను రాసి పెట్టింది.

దీనిని ఆధారంగా చేసుకొని 'జాతీయగీతానికి బాణీ పుట్టింది మదనపల్లెలోనే' అనే మాట వాడుకలోకి వచ్చింది. చరిత్ర విద్యార్థులుగా మీరు ఇక్కడ కాస్త ఆగాలి. ఈ పాటను 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. పాడారంటే అప్పటికే దానికి బాణీ ఉన్నట్లే. కాబట్టి మదనపల్లెలో జరిగినవి రెండు: స్వరలేఖనం, ఆంగ్లానువాదం. ఈ రెండూ చిన్న విషయాలు కావు. బెంగాలీ రాని ఊళ్లో పాట వ్యాపించడానికి అవే దారి చూపాయి. ఉన్న గౌరవం చాలినప్పుడు లేనిదాన్ని జోడించనక్కరలేదు.

మరొక విషయం. ఈ సంఘటనను కజిన్స్ దంపతులు తమ ఉమ్మడి ఆత్మకథలో చెప్పారు. ఆ గ్రంథం వెలువడినది 1950లో, అంటే 'జనగణమన'ను జాతీయగీతంగా స్వీకరించిన సంవత్సరంలోనే. ముప్పై ఏళ్ల తరువాతి జ్ఞాపకానికి తరువాతి కీర్తి రంగు పూసే అవకాశం ఉంటుంది. అయితే 1937లోనే ఈ పాటను జాతీయగీతంగా గుర్తించాలని కజిన్స్ పత్రికలకు రాశాడు. అంటే ఆ అభిమానం పాతదే.

5. విమర్శకుడుగా కజిన్స్

మదనపల్లె కాలంలో కజిన్స్ రాసిన 'న్యూ వేస్ ఇన్ ఇంగ్లిష్ లిటరేచర్' 1917లో మద్రాసులో వెలువడింది. యేట్స్, ఎ.ఇ., ఠాగూర్ వంటివారి కవిత్వంలో ఆధ్యాత్మిక దృష్టిని అది చర్చించింది. శ్రీ అరవిందులు 'ఆర్య' పత్రికలో దానిని సమీక్షించబోయి, ఆ సమీక్షను ధారావాహికగా పెంచారు. అదే 'ది ఫ్యూచర్ పొయెట్రీ'. మూల గ్రంథాన్ని నేడు చదివేవారు తక్కువ, సమీక్ష మాత్రం నిలిచింది. చిత్తూరు ప్రాంతానికే చెందిన కట్టమంచి రామలింగారెడ్డి 'కవిత్వతత్త్వ విచారము' (1914) కూడా ఆ దశాబ్దానిదే. ఒకరు తెలుగులో, మరొకరు ఆంగ్లంలో కవిత్వానికి కొత్త కొలతలు వెదికారు.

భాష విషయంలో కజిన్స్ జీవితంలో ఒక వైరుధ్యం ఉంది. అతని రచనలన్నీ ఆంగ్లంలోనే సాగాయి. కాని 1924లో మైసూరులో ఒక యువకుడు తన ఆంగ్ల కవితలు చూపినప్పుడు, మాతృభాషలో రాయమని సలహా ఇచ్చాడు. ఆ యువకుడే కువెంపు, కన్నడానికి తొలి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చిన కవి. పాలకుల భాషలో రాయక తప్పని దేశం నుంచి వచ్చినవాడి నోట ఈ సలహా రావడం గమనించదగినది.

మైసూరు జగన్మోహన్ ప్యాలెస్ చిత్రశాల, తిరువనంతపురం చిత్రాలయం ఏర్పాటులో కూడా అతని కృషి ఉంది. అతని ఆలోచనకు పరిమితులూ ఉన్నాయి. ఆసియా అంతటినీ ఒకే ఆధ్యాత్మిక సంస్కృతిగా చూసే దివ్యజ్ఞాన దృష్టి, ఇక్కడి కుల, ఆర్థిక అసమానతలను పక్కకు నెట్టింది.

6. సారాంశం

మార్గరెట్ 1932లో నిర్బంధ శాసనాలను ధిక్కరించి వేలూరు జైలులో గడిపింది, 1954లో మరణించింది. కజిన్స్ 1956 ఫిబ్రవరి 20న మదనపల్లెలో మరణించాడు. కవిగా అతని స్థానం చిన్నది. కాని రెండు వలస దేశాల సాంస్కృతిక ఉద్యమాలను కలిపిన అధ్యాపకుడుగా, ఇతరుల ప్రతిభను ముందే గుర్తించిన విమర్శకుడుగా అతని స్థానం గట్టిది. జాతీయోద్యమ చరిత్ర కలకత్తాలోనూ బొంబాయిలోనూ మాత్రమే జరగలేదని, మన జిల్లా కళాశాలల్లోనూ జరిగిందని ఈ జీవితం తెలుపుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కజిన్స్ 'న్యూ ఇండియా' పత్రికను ఎందుకు వదలవలసి వచ్చింది?
2. 'జనగణమన' విషయంలో మదనపల్లె పాత్రను ఆధారాలతో నిర్ణయించండి.
3. ఆత్మకథను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
4. మీ ఊరి కళాశాల లేదా గ్రంథాలయానికి సంబంధించి వాడుకలో ఉన్న ఒక కథనాన్ని ఎన్నుకొని, దాని ఆధారాలను పరిశీలించి ఒక పుట రాయండి.