ముంపు తగ్గిన తరువాత: వరద బాధిత కుటుంబాలు ఆర్థికంగా తేరుకొనే మార్గాలు

శంకరంపేట (మెదక్ జిల్లా): 2025 ఆగస్టు 27న, వినాయక చవితి పర్వదినాన, మెదక్, కామారెడ్డి జిల్లాలలో అసాధారణ వర్షపాతం నమోదైన విషయం విదితమే. మెదక్ జిల్లా హవేలి ఘనపూర్ మండలంలోని సర్దనలో ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్ల వర్షం కురిసింది. అదే మండలంలోని ధూప్‌సింగ్ తండాకు బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోగా, నివాసులు ఇండ్ల పైకప్పులపై తలదాచుకొనవలసి వచ్చింది. మరుసటి రోజు ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి ముంపు ప్రాంతాలను విహంగ వీక్షణం ద్వారా పరిశీలించారు.

ఇటువంటి విపత్తులలో ప్రాణరక్షణ, పునరావాస చర్యలపై అందరి దృష్టి నిలుస్తుంది. నీరు తగ్గిన తరువాత బాధిత కుటుంబం ఎదుర్కొనే ఆర్థిక సమస్య నెలలు, సంవత్సరాల తరబడి కొనసాగుతుంది. నానిన ధాన్యం, కూలిన గోడ, పాడైన వాహనం, ఆగని రుణ వాయిదా ఒకేసారి మీద పడతాయి. ఈ దశలో కుటుంబానికి అందే సాయం ఎంత అనేది చాలావరకు మొదటి వారం రోజులలో జరిగే నష్టం నమోదుపైనే ఆధారపడి ఉంటుంది. ఈ నేపథ్యంలో సాయం, బీమా, రుణాలకు సంబంధించిన నిబంధనలను పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారుల సౌకర్యార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

సాయం వేరు, పరిహారం వేరు

విపత్తు నిర్వహణ చట్టం, 2005 లోని 12వ సెక్షన్ బాధితులకు అందించవలసిన కనీస సహాయ ప్రమాణాలను నిర్దేశించే బాధ్యతను జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు అప్పగించింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలలో రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధికి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం సమకూరుస్తాయి. ఈ నిధి నుంచి లభించేది తక్షణ ఉపశమనం మాత్రమే. కుటుంబానికి జరిగిన మొత్తం నష్టాన్ని భర్తీ చేయడం దీని ఉద్దేశం కాదు. ఈ తేడాను బాధితులకు మొదటి రోజునే స్పష్టంగా తెలియజేయడం అవసరం.

2022-23 నుంచి 2025-26 వరకు నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతాలలో ప్రధాన అంశాలకు లభించే సాయం వివరాలు ఇలా ఉన్నాయి.

- పూర్తిగా దెబ్బతిన్న ఇల్లు (పక్కా లేదా కచ్చా): రూ. 1,20,000
- కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇల్లు: రూ. 6,500
- కనీసం 15 శాతం దెబ్బతిన్న కచ్చా ఇల్లు: రూ. 4,000
- దెబ్బతిన్న గుడిసె: రూ. 8,000
- ఇంటికి అనుబంధంగా ఉన్న పశువుల కొట్టం: రూ. 3,000
- ఇల్లు కొట్టుకుపోయిన, పూర్తిగా దెబ్బతిన్న లేదా తీవ్రంగా ముంపునకు గురైన కుటుంబానికి దుస్తుల నిమిత్తం రూ. 2,500, వంటపాత్రలు, గృహోపకరణాల నిమిత్తం రూ. 2,500
- మరణించిన పాడి గేదె లేదా ఆవుకు రూ. 37,500, గొర్రె లేదా మేకకు రూ. 4,000
- ప్రాణనష్టం జరిగిన పక్షంలో మృతుని కుటుంబానికి రూ. 4 లక్షలు

ఒక్క పదంతో రూ. 1,16,000 తేడా

పై పట్టికలో కచ్చా ఇంటికి సంబంధించిన రెండు అంకెలు ప్రత్యేకంగా గమనింపదగినవి. పంచనామాలో 'పాక్షికం' అని రాస్తే రూ. 4,000, 'పూర్తిగా' అని రాస్తే రూ. 1,20,000 లభిస్తుంది. అనగా ఒకే ఒక్క పదం మీద ఒక కుటుంబానికి రూ. 1,16,000 తేడా వస్తుంది.

మెదక్ జిల్లా గ్రామాలలో మట్టి గోడల పెంకుటిండ్లు నేటికీ ఉన్నాయి. మట్టి గోడ వర్షంలోనే కూలిపోవాలని లేదు. లోపలి వరకు నానిన గోడ, వాన వెలిసి ఎండ కాసిన తరువాత బీటలు వారి కూలుతుంది. అప్పటికే గణన పూర్తయి ఉంటే ఆ ఇల్లు జాబితాలో పాక్షిక నష్టంగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది. కనుక గోడ తరువాత కూలినట్లయితే కుటుంబ యజమాని వెంటనే ఛాయాచిత్రాలు తీసి, పునఃపరిశీలన కోరుతూ తహశీల్దారుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేసి, రసీదు పొందాలి. అక్కడ పరిష్కారం లభించని పక్షంలో కలెక్టరేట్‌లో సోమవారాలలో నిర్వహించే ప్రజావాణిలో అర్జీ దాఖలు చేయవచ్చు. క్షేత్రస్థాయి సిబ్బంది సైతం మట్టి ఇండ్ల విషయంలో మొదటి పరిశీలనతో సరిపెట్టక, కొన్ని రోజుల తరువాత రెండవసారి పరిశీలించడం సముచితం.

దెబ్బతిన్న ఇల్లు అధీకృత నిర్మాణమని సంబంధిత అధికారి ధ్రువీకరించాలనే నిబంధన కూడా ఉంది. ఇంటి పన్ను రసీదు, విద్యుత్ బిల్లు వంటివి ఇందుకు ఉపకరిస్తాయి. అద్దె ఇంటిలో నివసించే కుటుంబం విషయంలో గోడలు, పైకప్పు నష్టం యజమానికి చెందుతుంది. దుస్తులు, పాత్రల నష్టం మాత్రం అద్దెకున్న కుటుంబానిదే. గణన సిబ్బంది ఈ రెండింటినీ వేర్వేరుగా నమోదు చేయవలసి ఉంటుంది.

శంకరంపేట విషయంలో మరొక జాగ్రత్త అవసరం. మెదక్ జిల్లాలో ఈ పేరుతో రెండు మండలాలు ఉన్నాయి. పెద్దశంకరంపేటను శంకరంపేట (ఎ) గాను, చిన్నశంకరంపేటను శంకరంపేట (ఆర్) గాను రికార్డులలో వ్యవహరిస్తారు. దరఖాస్తులో కేవలం 'శంకరంపేట' అని రాసినట్లయితే అది వేరొక కార్యాలయానికి చేరి జాప్యం జరిగే అవకాశం ఉంది. గ్రామం పేరు, మండలం పూర్తి పేరు, ఇంటి నంబరు తప్పక రాయాలి. వార్తలలోనూ ఏ మండలమో స్పష్టం చేయడం మంచిది.

శుభ్రం చేయడానికి ముందే నమోదు

బురద ఎత్తిపోయడానికి ముందే ప్రతి గదిని, గోడపై నీటి మట్టం గుర్తును, పాడైన ప్రతి వస్తువును ఫోన్‌తో ఫోటో తీయాలి. వస్తువు పేరు, కొన్న సంవత్సరం, సుమారు ధర ఒక కాగితంపై రాసుకోవాలి. బీమా ఉన్న పక్షంలో సర్వేయరు పరిశీలన పూర్తయ్యే వరకు పాడైన సామగ్రిని పారవేయరాదు. ఆరోగ్య కారణాల వల్ల తొలగించక తప్పనిచో ముందుగా ఫోటోలు తీసి, బీమా సంస్థకు సమాచారం ఇవ్వాలి. మరమ్మతు కూలీకి, సామగ్రికి చెల్లించిన మొత్తాలకు రసీదులు భద్రపరచాలి.

నీట మునిగిన మోటారు సైకిల్, ఆటో, కారును స్టార్ట్ చేసి చూడరాదు. నీరు చేరిన ఇంజిన్‌ను నడిపించడం వల్ల కలిగే నష్టాన్ని సాధారణ వాహన బీమా కింద చెల్లించడానికి బీమా సంస్థలు నిరాకరించే అవకాశం ఉంది. వాహనాన్ని ఉన్నచోటనే ఫోటో తీసి, లాగించుకొని మెకానిక్ వద్దకు చేర్చాలి.

తడిసిన నోట్లు, పత్రాలు

ఇంటిలో దాచుకున్న నగదు తడిసి చిరిగినంత మాత్రాన విలువ కోల్పోదు. రిజర్వు బ్యాంకు నోట్ల వాపసు నిబంధనల ప్రకారం చిరిగిన నోట్లను బ్యాంకు శాఖలలో మార్చుకొనవచ్చు. రూ. 50, అంతకు మించిన నోట్ల విషయంలో ఒకే ముక్కగా మిగిలిన అతిపెద్ద భాగం నోటు వైశాల్యంలో 80 శాతం మించితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం వరకు ఉంటే సగం విలువ చెల్లిస్తారు. అంతకన్నా చిన్న నోట్లకు 50 శాతం మించిన భాగం ఉంటే పూర్తి విలువ లభిస్తుంది. ఒకదానికొకటి అంటుకున్న నోట్లను బలవంతంగా విడదీయక, నీడలో ఆరనివ్వాలి.

రిజిస్ట్రేషన్ దస్తావేజు పోయినా, పాడైనా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకృత నకలు పొందవచ్చు. ఆధార్‌ను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకొనవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు, వాహన రిజిస్ట్రేషన్ పత్రాలు డిజిలాకర్‌లో లభిస్తాయి. సహాయ మొత్తాలు నేరుగా బ్యాంకు ఖాతాలలో జమ అవుతున్నందున, ఖాతా వాడుకలో ఉన్నదీ లేనిదీ, ఆధార్‌తో అనుసంధానమైనదీ లేనిదీ ముందుగా సరిచూసుకోవాలి.

గత అనుభవాలు

2020 అక్టోబరులో హైదరాబాద్ ముంపునకు గురైనపుడు రాష్ట్ర ప్రభుత్వం బాధిత కుటుంబానికి రూ. 10,000 చొప్పున, పూర్తిగా దెబ్బతిన్న ఇండ్లకు రూ. 1 లక్ష, పాక్షికంగా దెబ్బతిన్న వాటికి రూ. 50,000 చొప్పున సాయం ప్రకటించింది. తొలుత నగదు రూపంలో పంపిణీ జరుగగా, అందనివారు మీసేవ కేంద్రాల వద్ద బారులు తీరారు. నగరపాలక సంస్థ ఎన్నికల నియమావళి దృష్ట్యా రాష్ట్ర ఎన్నికల సంఘం నవంబరు 18న పంపిణీని నిలిపివేసింది. సాయం ప్రకటించిన నాటికీ, చేతికందిన నాటికీ మధ్య జాప్యం జరిగితే అర్హులు సైతం నష్టపోతారనడానికి ఇది నిదర్శనం.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచెత్తిన అనంతరం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముంపునకు గురైన 179 సచివాలయాల పరిధిలో నేల అంతస్తు ఇండ్లకు రూ. 25,000, మొదటి అంతస్తు, ఆ పైన ఉన్నవారికి రూ. 10,000, కిరాణా దుకాణాలకు రూ. 25,000, ద్విచక్ర వాహనాలకు రూ. 3,000, మూడు చక్రాల వాహనాలకు రూ. 10,000 చొప్పున ప్రకటించింది. ఇటువంటి ప్రత్యేక ప్యాకేజీలు ఆయా ఘటనలకే పరిమితం. వాటిని మరొక జిల్లాకు, మరొక సంవత్సరానికి అన్వయించి ప్రచారం చేయడం బాధితులలో అపోహలకు దారి తీస్తుంది.

రుణ వాయిదాల విషయంలో

విపత్తు నిర్వహణ చట్టంలోని 13వ సెక్షన్, 2025 సవరణతో తొలగించే వరకు, తీవ్ర విపత్తులలో రుణాల చెల్లింపులో ఉపశమనానికి, రాయితీ షరతులపై కొత్త రుణాల మంజూరుకు సిఫారసు చేసే అవకాశం కల్పించేది. ప్రకృతి వైపరీత్యాల సందర్భంగా బ్యాంకులు చేపట్టవలసిన చర్యలపై రిజర్వు బ్యాంకు 2018 అక్టోబరులో సమగ్ర ఆదేశాలు జారీ చేసింది. విపత్తు రాష్ట్రంలో అధిక భాగాన్ని తాకితే రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ, కొన్ని జిల్లాలకే పరిమితమైతే జిల్లా సంప్రదింపుల కమిటీ వెంటనే సమావేశమై కార్యాచరణ రూపొందించాలన్నది వాటి సారాంశం. రుణాల వాయిదాలను మార్చడం, కొంత విరామం ఇవ్వడం ఇందులో భాగం.

అయితే వాయిదా దానంతట అదే ఆగిపోదు. రుణగ్రహీత తదుపరి వాయిదా తేదీకి ముందే శాఖ మేనేజరుకు నష్ట వివరాలతో రాతపూర్వకంగా తెలియజేయాలి. వాయిదా తప్పిన తరువాత వెళ్లడం కన్నా ముందుగా వెళ్లడమే ప్రయోజనకరం. వాయిదా గడువు పొడిగించినపుడు వడ్డీ పెరుగుతుంది. మొత్తం ఎంత చెల్లించవలసి వస్తుందో అడిగి తెలుసుకున్న పిదపనే సమ్మతి తెలపాలి. స్వయం సహాయక సంఘాల సభ్యులు సంఘం తీర్మానం ద్వారా విషయాన్ని గ్రామ సంఘం దృష్టికి తీసుకురావచ్చు.

తక్షణ అవసరాల నిమిత్తం అధిక వడ్డీకి ప్రైవేటు అప్పు చేయడం వల్ల ప్రభుత్వ సాయం మొత్తం వడ్డీకే సరిపోతుంది. ముందు తిండి, వైద్యం, పిల్లల చదువు, ఆ తరువాత జీవనోపాధి పనిముట్లు, చివరగా గృహోపకరణాలు అనే క్రమంలో ఖర్చు చేయడం శ్రేయస్కరం.

బీమా

భారతీయ బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆదేశాల మేరకు 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలు 'భారత్ గృహ రక్ష' పేరిట ప్రామాణిక గృహ బీమాను అందుబాటులోకి తెచ్చాయి. వరద నష్టం ఇందులో వర్తిస్తుంది. ఇంటి భవనానికి బీమా చేసినపుడు, విడిగా వివరాలు ఇవ్వకపోయినా భవన బీమా మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా రూ. 10 లక్షల వరకు ఇంటి సామగ్రికి రక్షణ లభిస్తుంది. అద్దెకున్నవారు సామగ్రికి మాత్రమే బీమా చేయించుకొనవచ్చు. చిన్న దుకాణదారుల కోసం 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' ఉంది. గృహ రుణం లేదా వ్యాపార రుణం తీసుకున్నవారి పేరిట రుణ సమయంలోనే బీమా చేసి ఉండవచ్చు. ఆ విషయాన్ని బ్యాంకులో విచారించాలి.

బీమా సంస్థ క్లెయిమును తిరస్కరించినా, ఫిర్యాదుకు 30 రోజులలో సమాధానం ఇవ్వకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. బ్యాంకు సేవల విషయంలో ఇదే తీరున రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ రెండింటికీ రుసుము లేదు.

వరద సాయం మంజూరైందని ఫోన్ చేసి ఓటీపీ, ఖాతా వివరాలు కోరేవారి పట్ల అప్రమత్తంగా ఉండాలి. మోసపోయిన పక్షంలో వెంటనే 1930 నంబరుకు తెలియజేయాలి.

పాత్రికేయులు, అధికారులు గమనించదగినవి

గణన ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుంది, జాబితాను గ్రామ పంచాయతీ కార్యాలయంలో ప్రదర్శించారా, అభ్యంతరాలకు గడువు ఎంత, బ్యాంకర్ల కమిటీ సమావేశమైనదా అనే నాలుగు అంశాలు ప్రజలకు సకాలంలో చేరితే బాధితులలో అధిక భాగం నష్టపోకుండా ఉంటారు. తాళం వేసి బంధువుల ఇండ్లకు వెళ్లినవారు, ఒంటరి వృద్ధులు, అద్దెదారులు, వలస కూలీల పేర్లు మొదటి జాబితాలో తప్పిపోయే అవకాశం ఎక్కువ. జాబితాను గ్రామంలో బహిరంగంగా చదివి వినిపించడం, తప్పిన పేర్లను అప్పటికప్పుడే చేర్చడం ద్వారా ఈ లోపాన్ని సరిదిద్దవచ్చు. వరద తెచ్చిన నష్టాన్ని పూర్తిగా పూడ్చడం ఎవరికీ సాధ్యం కాకపోయినా, అర్హమైన కుటుంబం పేరు కాగితంపై లేనందున సాయం అందని పరిస్థితిని నివారించడం మాత్రం అందరి చేతిలో ఉన్న పని.