చెరువు చేప ఇంటికొచ్చిన దారి

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు బంద్ చేసిన కొన్నాళ్లకు త్రిపురారం చుట్టుపక్కల పిల్లకాలువలు ఎండడం మొదలవుతుంది. తూముల కింద, కల్వర్టుల నీడన మోకాటిలోతు గుంటలు మిగులుతాయి. కాలువ వెంట వచ్చిన చేపలన్నీ వాటిలో చేరతాయి. ఇద్దరు పిల్లలు పాత చీరను చెరో కొసన పట్టుకుని దేవితే చాలు, పరకలు, జెల్లలు, మట్టగిడసలు పడతాయి. ఒంట్లోంచి వెన్నుముల్లు కనిపించేంత పలచని చిన్న చేపలూ పడతాయి. పెద్దవి కూరకు పోతాయి. చిన్నవాటిలో కొన్ని బకెట్లోనో, ఇంటి వెనక సిమెంటు తొట్టిలోనో బతుకుతాయి. మన నీళ్ల చేపను ఇంట్లో పెంచుకోవడం ఇలా, ఎవరూ నేర్పకుండానే మొదలైంది. అక్వేరియం అనగానే గోల్డ్ ఫిష్ గుర్తొచ్చే కాలంలో ఈ అలవాటు ఎంత పాతదో చెప్పుకోవాలి.

గాజుతొట్టి కంటే ముందు మనకు బావి ఉంది. మోటబావుల రోజుల్లో చెరువులో పట్టిన కొర్రమట్టను, అదే కొర్రమీనును, ప్రాణంతో తెచ్చి బావిలో వదిలేవారు. ఆ పనికి అంతకన్నా తగిన చేప లేదు. దాని తలలో మొప్పల పైన గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది. అందుకే తడి గోనెసంచిలో చుట్టి ఊరి నుంచి ఊరికి తీసుకెళ్లినా చావదు. బావిలో కప్పపిల్లలు, పురుగులు, చిన్న చేపలు తిని పెరుగుతుంది. నీళ్లు అడుగంటితే బురదలోకి దూరి వాన కోసం కాచుకుంటుంది. సూర్యాపేట, మిర్యాలగూడ మార్కెట్లలో ఈనాటికీ దీన్ని టబ్బులో నాలుగు వేళ్ల నీళ్లు పోసి ప్రాణంతోనే అమ్ముతారు.

చేపల నడత గమనించడం మాత్రం బావులతో మొదలైంది కాదు. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో రాయించిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం అనే ప్రకరణం ఉంది. ఏ చేప ఎక్కడ తిరుగుతుందో, దేనికి ఏ మేత వేస్తే దగ్గరికొస్తుందో అందులో వివరంగా ఉంది. భారత జంతుశాస్త్ర సర్వేకు డైరెక్టరుగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా ఆ ప్రకరణాన్ని 20వ శతాబ్దంలో పరిశీలించి శాస్త్రలోకం ముందు పెట్టారు. నల్లగొండ పక్కన పానగల్లు ఏలిన కందూరు చోడులు ఈ చాళుక్యుల సామంతులే. వాళ్లు తవ్వించిన ఉదయసముద్రం ఇప్పటికీ నీళ్లతో ఉంది. చెరువు తవ్వినవాడు పొలం కోసమే తవ్వి ఉండొచ్చు, కానీ ప్రతి చెరువూ చేపలకు ఇల్లయింది. వానకు అలుగు దూకితే చేప ఎదురెక్కి పై చెరువుకు పోయేది. ఒక చెరువు ఎండినా గొలుసులో మరో చెరువు దాని జాతిని కాపాడేది.

ఈ చేపలకు శాస్త్రీయ నామాలు పెట్టింది బయటివాళ్లు. జర్మన్ పండితుడు బ్లోక్ 1793లో కొర్రమీనును వర్ణించింది తమిళతీరంలోని తరంగంబాడి నుంచి వెళ్లిన నమూనాతో. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలను 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. వాటికి మన జాలర్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. 1822లో హామిల్టన్ గంగానది చేపల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. ఒంటి మీద రెండు నల్లచుక్కలున్న చిన్న పరక, ఒంట్లోంచి వెన్నుముల్లు కనిపించే చిన్న చేప, నీలిచారల జీబ్రా చేప మొదటిసారి శాస్త్రానికి ఎక్కింది ఆ పుస్తకంలోనే. వాటిలో మొదటి రెండూ మన కాలువల్లోనూ ఉన్నవే.

ఆ తర్వాత కథ లండన్‌కు మళ్లుతుంది. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1850లో గాజుతొట్టిలో చేపలు, నీటిమొక్క, నత్తలు కలిపి పెట్టి, నీళ్లు మార్చకుండానే అవన్నీ బతకగలవని చూపించాడు. 1853లో అక్కడి జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ గాస్ పుస్తకం ఇంటింటికీ ఆ మోజు పట్టించింది. అలంకారపు చేపల కోసం ఓడలు తూర్పువైపు చూశాయి. 20వ శతాబ్దపు తొలి ఏళ్లకు జీబ్రా చేప ఐరోపా గదుల్లో ఈదుతోంది. అమెరికాలో స్ట్రెయిసింగర్ దాని మీద ప్రయోగాలు చేసి 1981లో ప్రచురించిన పరిశోధనతో అది ప్రపంచ ప్రయోగశాలల చేప అయింది. హైదరాబాద్ సీసీఎంబీలో కూడా దాని మీద పరిశోధనలు జరుగుతాయి. మన దేశపు కాలువలో ఎవరూ పట్టించుకోని వేలెడు చేప చేసిన ప్రయాణం ఇది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా మన చేపను మనం ఎంత తక్కువ చూశామో అనిపిస్తుంది నాకు.

1909లో మద్రాసులో సముద్రపు చేపల అక్వేరియం తెరిచారు. దక్షిణాదిలో చాలామంది మొదటిసారి గాజు వెనక చేపను చూసింది అక్కడే. కానీ పట్నాల్లో ఇళ్లకు గాజుతొట్టి వచ్చేనాటికి అందులో వేయడానికి దొరికినవి గోల్డ్ ఫిష్, గప్పీ, ఏంజెల్. దుకాణంలో పరక దొరకదు, కొనేవాళ్లూ అడగరు.

ఈలోగా ఇక్కడి నీళ్లే మారిపోయాయి. హైదరాబాద్ రాష్ట్రపు చేపలను లెక్కకెక్కిస్తూ రహీముల్లా 1943–44లో ప్రచురించిన సర్వే నాటికి ఈ ప్రాంతం చెరువులు, వాగుల మీదే ఆధారపడి ఉంది. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక కృష్ణలో చేప త్రిపురారం పొలం గట్టు దాకా వచ్చింది. చిన్న చేపకు అది పండగే, కానీ వరితోపాటు పురుగుమందులూ వచ్చాయి. హీరాలాల్ చౌదరి 1957లో హార్మోను ఇంజెక్షన్‌తో కార్పులను గుడ్లు పెట్టించడంలో సఫలమయ్యాడు. దానితో బొచ్చె, రోహు, మృగాల పిల్లలను ఎంత కావాలంటే అంత తయారుచేసే దారి దొరికింది. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువులకు చేపపిల్లలను ఉచితంగా ఇస్తోంది. మత్స్యకార కుటుంబాలకు ఇది మేలే. అయినా చెరువులో ఏం పెరగాలో ధర తేల్చడం మొదలయ్యాక పరక, జెల్ల లెక్కలోకి రావడం మానేశాయి. కొర్రమీనును 2016లోనే రాష్ట్ర చేపగా ప్రకటించడం ఒక్కటే ఇందులో ఊరట.

బయటి చేపల దెబ్బ మరొకటి. దోమల కోసమని 1928లో దేశంలోకి తెచ్చిన గంబూసియాను బావుల్లో, కుంటల్లో వదిలారు. అది దోమపిల్లలతోపాటు మన చేపల గుడ్లనూ తింటుంది. దోమపిల్లలను తినే చేపలు మనకు ముందే ఉన్నాయి. తలమీద వెండిచుక్కతో నీటి అంచున తిరిగే చిన్న చేప ఒక్కటే ఒక తొట్టికి చాలు. ఇక గాజు శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ ఫిష్, పెద్దదవగానే చెరువులో పడి, వలలను చించే తెగులుగా మారింది. దాన్ని వదిలినవాళ్లు చాలామంది జాలితోనే వదిలారు.

ఇప్పుడు కొందరు కుర్రవాళ్లు మళ్లీ కాలువ చేపను గాజుతొట్టిలో పెడుతున్నారు. ఇది మంచి పని అని నేను నమ్ముతాను, కొన్ని జాగ్రత్తలు పాటిస్తే. ఎండుతున్న గుంటలో చేపను తెస్తే ఎవరికీ నష్టం లేదు, నాలుగు రోజుల్లో ఎలాగూ కొంగ తింటుంది. తొలకరిలో ఎదురెక్కే చేపను మాత్రం ముట్టకూడదు, దాని కడుపు నిండా గుడ్లుంటాయి. చెరువులో నీటిపైన ఎర్రగా గుంపుగా తేలే కొర్రమీను పిల్లలనూ దేవకూడదు, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. చెరువు చేప మీద హక్కు మత్స్యకార సంఘానిది, కాబట్టి వాళ్లను అడిగే తెచ్చుకోవాలి.

తెచ్చినదాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. ఒంటిమీద చేప పేను పచ్చగా, చదునుగా, గోరంత కూడా లేకుండా అంటుకుని ఉంటుంది. దగ్గర పెట్టి చూస్తేనే కదులుతుంది. పొడి మేతను మొదట్లో ముట్టవు, దోమపిల్లలు, వానపాము ముక్కలు వేయాలి. పరకలను గుంపుగా పెంచితేనే బెదురు పోయి రంగు తేరతాయి. కొర్రమీను ఉన్న తొట్టిలో ఇంకే చిన్న చేపా మిగలదు. దాని తొట్టికి మూత బిగువుగా ఉండాలి, లేకపోతే రాత్రికి రాత్రి దూకేస్తుంది. అలాగని నీళ్లను మూత అంచుదాకా నింపకూడదు. పైకొచ్చి గాలి పీల్చే చోటు లేకపోతే అది నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. పెంచలేనంత పెద్దదైతే కూర వండుకోవచ్చు, సంఘంవాళ్లకు ఇవ్వొచ్చు. దుకాణపు చేపలతో కలిసి పెరిగినదాన్ని తిరిగి కాలువలో వదలొద్దు. వాటి రోగాలు దానితోపాటు ఆయకట్టంతా పారతాయి.